టిఫిన్ డబ్బాల విమానం కాయిల్: బేగంపేట నుంచి అబిడ్స్ దాక ఒక శుక్రవారం

మా సాబ్ విమానంలకెల్లి తీసిన ఒక పార్టును టిఫిన్ డబ్బాల పెట్టుకొని, పోయిన కార్తీకంల ఒక శుక్రవారం నాంపల్లి, అబిడ్స్ గల్లీలన్నీ తిరిగిన. పాత యంత్రం చెడిపోతే దాన్ని పట్టుకొని హైదరాబాద్‌ల ఏడికి పోవాల్నో తెల్వక తిప్పలు పడేటోళ్లు నా లెక్క ఇంకా ఉంటరు. వాళ్లకు పనికొస్తదని రాస్తున్న. నేను ఎనిమిదో తరగతి నడుమల బడి బంద్ చేసినోడిని, రాతల తప్పులుంటే జర సర్దుకోన్రి.

మా సాబ్ పేరు కిషన్‌రావు. అబిడ్స్‌ల కాగితాలు, పెన్నులు అమ్మే దుకాణం వాళ్ల తాతలనాటిది. ఇల్లు నాంపల్లి స్టేషన్ ఎనక గల్లీల. పన్నెండేండ్ల కింద పాత విమానాలు వేలం ఏస్తుంటే ఆయన ఊకె చూసొస్తనని పోయి, ఒకటి కొనుక్కొని వచ్చిన్రు, నడుపుడు గూడ నేర్చుకున్నరు. రెండు సీట్లది, కట్టె చట్రం మీద బట్ట బిగించి రంగు పూసింది, ఇంగ్లండ్‌ల తయారైంది. జాగ కొనమంటే గాలి కొన్నడని చుట్టాలు ఇప్పటికీ నవ్వుతరు. నేను సైకిల్ దుకాణంల, ప్రెస్‌ల, మోటారు గ్యారేజీల, ఏడ చేరినా ఏడాది నిలవకపోయేది. కాళ్లల్ల చక్రాలున్నయని మా ఇంట్ల తిడుతుండె, నాకేమో బొంబాయి పోవాల్నని ఉండె. సాబ్ కారు రిపేరుకు వచ్చి, బేగంపేట ఎయిర్‌పోర్టుల విమానం తుడిచే పని ఉంది వస్తవా అన్నరు. వస్తనన్న. మూడేండ్లాయె, ఇంకా గాన్నే ఉన్న.

సాబ్ భార్య అనసూయమ్మ ఈ పన్నెండేండ్లల ఒక్కసారి గూడ విమానం ఎక్కలే. బట్టతోని చేసిన దాంట్ల కూసుండి పైకి పోవుడేందని ఆమెకు భయం. కని పోయినేడు ఆమె కండ్లకు రోగమొచ్చింది. ఎడమ కన్ను పోయింది. కుడి కంటితోని సూటిగ ఉన్నది కనబడతది, చుట్టుపక్కల అంత చీకటి. రూపాయి బిళ్లంత బొక్కల నుంచి లోకాన్ని చూసినట్టుందని ఆమెనే చెప్పింది. దవాఖాన డాక్టర్ ఆ బిళ్ల గూడ చిన్నగైతదని, ఆర్నెల్లైనంక చూపు ఉంటదని హామీ ఇయ్యలేనని అన్నడట. ఆ దినం ఇంటికొచ్చి అన్నం పెడుతూ పెడుతూ ఆమె సాబ్‌ను అడిగింది, మన ఇల్లు పైకెల్లి ఎట్లుంటదో చూపిస్తవా అని. సాబ్ చేతుల ముద్ద చేతులనే ఉండిపోయింది.

గప్పుడే ఇంజన్ మొరాయించింది. దసరా పోయి పదిహేను దినాలయింది. ఈ విమానం ఇంజన్‌కు బ్యాటరీ ఉండదు. మాగ్నెటో అని కొబ్బరికాయంత మిషన్ ఇంజన్‌తోపాటే తిరుగుకుంట తనే కరెంటు పుట్టిస్తది, దాంతోని ప్లగ్గులు మండుతయి. ఒకటి ఆగితే ఇంకోటి ఆదుకోవాల్నని రెండు పెడతరు. లేచే ముందల ఒక్కోదాన్ని బంద్ చేసి, మిగిలినదాని మీద ఇంజన్ నడుస్తదా లేదా చూడాలె. మాకేమైందంటే, ఎడమదాన్ని బంద్ చేసి కుడిదాని మీద నడిపిస్తే ఇంజన్ చల్లగున్నంతసేపు మంచిగుంటది. పావుగంటకు కాగినంక దగ్గుతది, వణుకుతది, ఆగిపోతది. చల్లారినంక మళ్ల ఏం ఎరగనట్టు నడుస్తది. అసొంటి దాంట్ల అమ్మను ఎక్కిచ్చుకొని ఊరి మీదికి ఎట్ల పోతరు?

లైసెన్సున్న ఇంజనీర్ మూర్తి గారు. ఆయన సంతకం లేంది విమానం కదలొద్దు. ఆయనది కాకినాడ, రాష్ట్రం కలిసినంక నౌకరికి వచ్చి గీన్నే ఉండిపోయిన్రు. నా మాటలంటే ఆయనకు పెద్ద తమాషా. "మీకు తలుపూ బందే, నల్లా బందే, ఇంజనూ బందే, నీకైతే బడి కూడా బందే. ఒక్క మాటతో ఊరంతా మూసేస్తార్రా మీరు" అంటుంటరు. మేమిద్దరం ప్లగ్గులు తోమినం, కండెన్సర్ మార్చినం, పాయింట్లు సాఫ్ చేసినం. ఫాయిదా లేదు. బేస్తవారం సాయంత్రం మూర్తి గారు, వైర్లన్నీ చూశావు కదా అని అడిగిన్రు. చూసిన సార్, ఒక్కటి గూడ తెగలే అన్న. అయితే మాగ్నెటో లోపలి తీగచుట్ట, ఆ కాయిలే వేడికి ఆగలేకపోతోంది, బొంబాయి నుంచి తెప్పించాలి, మూడు వారాలు అన్నరు.

మూడు వారాలంటే అయిపోయినట్టే. విమానం ఎగరాల్నంటే ఏటేటా సర్కారు కాగితం కావాలె, ఆ కాగితం ఆ ఆదివారంతోని తీరిపోతుండె. తర్వాత ఇంజన్ మొత్తం ఇప్పి కొత్తగ చేయాల్నని మూర్తి గారు ఎన్నడో చెప్పి పెట్టిన్రు, దానికి ఆర్నెల్లు. డాక్టర్ చెప్పిన ఆర్నెల్లు, ఇంజన్ ఆర్నెల్లు ఒక్కటే. సాబ్ రెక్క మీద చెయ్యి ఏసి నిలబడ్డరు. ఊర్ల ఎవరన్న ఈ కాయిల్‌ను బాగు చేస్తరేమో ఒక్కపూట దేవులాడుతనని నేనే అన్న.

కాయిల్ అంటే బట్ట చుట్టిన జామకాయంత ఉంటది. చేతుల పట్టుకొని పోతే తాకుతదని, నా టిఫిన్ డబ్బా కడిగి, దూది పరిచి అండ్ల పెట్టిన. బేగంపేట స్టేషన్‌ల ఎనిమిది నలభైకి ప్యాసింజర్, నాంపల్లికి పదిహేను పైసలు. ఇరవై నిమిషాల్ల దింపుతది. బస్సు గూడ ఉంది కని కుదుపులెక్కువ. నాజూకు సామాను ఉంటే రైలే మంచిది.

నాంపల్లి స్టేషన్‌కెల్లి బయటికొచ్చి కుడి దిక్కు నడిస్తే పాత మోటారు సామాను దుకాణాల గల్లీ వస్తది. తొమ్మిదిన్నరకు గని తియ్యరు. నేను ఆరు దుకాణాలు ఎక్కి దిగిన. ఒకాయన ట్రాక్టర్‌దన్నడు, ఒకాయన నీళ్ల మోటారుదన్నడు. ఆఖరు దుకాణంల గడ్డపాయన కండ్లద్దాలు పైకి జరిపి డబ్బాలకు తొంగి చూసి, ఏ బండిది అని అడిగిండు. విమానందన్న. ఆయన నా చెప్పుల దిక్కు చూసిండు.

"విమానం ఏడ ఆపినవ్ భాయ్? రోడ్డు మీదుంటే చలాన్ రాస్తరు."

పక్కన కూసున్నోళ్లంత నవ్విన్రు. నేను గూడ నవ్విన, నవ్వక ఏం చేస్త. కని ఆయన మంచోడే. కాయిల్‌ను దూదితోని సహ ఎత్తి అటు ఇటు తిప్పి చూసి, గిది నాతోని కాదు, అబిడ్స్‌ల పోస్టాఫీస్ దాటినంక ఇరానీ హోటల్ ఎదురుంగ మెట్ల కింద ఒక రేడియో మాస్టర్ ఉన్నడు, కరెంటు అంటే ఆయననే అన్నడు. జల్ది పో, నమాజ్ వేళకు మేమంత దుకాణాలు బంద్ చేస్తం అని తోలిండు.

నాంపల్లి నుంచి అబిడ్స్‌కు నడిస్తే పావుగంట, రిక్షా అయితే ఎనిమిదణాలు అడుగుతరు, ఆరణాలకు వస్తరు. నేను నడిచిన. దారిల మొజంజాహీ మార్కెట్ కాడ సీతాఫలాలు అమ్ముతుండె. సీజన్ ఆఖరు, అయినా మంచిగ కండ్లు ఇచ్చుకొని పండినయి. అనసూయమ్మకు ఇష్టమని నాలుగు తీసుకున్న. ఆమె ఈ మధ్య పండు వలుస్తుంటే గింజ ఏడ పడుతదో కనబడక, సాబే గింజలు తీసి గిన్నెల ఏసి ఇస్తుంటరు. దుకాణంల పదిమందిని ఉరికిచ్చే మనిషి గట్ల గింజలు ఏరుతుంటే చూడనట్టు బయటికి పోయి నిలబడత నేను.

మెట్ల కింద రేడియో దుకాణం దొరికింది. లోపట టేబుల్ మీద వంగి అతుకు పెడుతున్నాయన తల ఎత్తిండు. నా కాళ్లు ఎనక్కి జరిగినయి. నాకు బడిల సైన్సు చెప్పిన గోపాల్‌రావు సార్, నౌకరి అయిపోయినంక రేడియోలు బాగు చేస్తున్నట్టుంది. తొమ్మిదేండ్ల కింద ఆయన పాఠం నడుస్తుండంగనే పిట్టగోడ దూకి సినిమాకు పోయిన, మళ్ల బడి మొఖం చూడలే. ఆ తర్వాత ఆయన ఈ సందుల కనబడితే నేను ఆ సందుల దూరేటోడిని.

"నర్సింగ్ గాదురా? అప్పుడు గోడ దూకి పోయినవ్, ఇప్పుడు దర్వాజకెల్లి వచ్చినవ్. రా."

సీతాఫలాలల్ల రెండు తీసి టేబుల్ మీద పెట్టిన. ఆయన వాటిని జరిపి, ముందల డబ్బా తెరువు అన్నరు. అంతా చెప్పిన. విమానం, ఆదివారం, అమ్మ కండ్లు. అమ్మ సంగతి వచ్చినకాడ ఆయన చేతుల స్క్రూడ్రైవర్ పక్కకు పెట్టిన్రు.

కాయిల్‌కు బ్యాటరీ వైరు తగిలిచ్చి తీస్తుంటే, రెండో కొసన నీలం రవ్వ చటుక్కున దూకింది. చల్లగున్నప్పుడు దూకుతది, కాగినంక చూడాలె, కని దీన్ని ఎట్ల కాగబెట్టాలె అని ఆయన ఆలోచించిన్రు. పొయ్యి మీద పెడితే కాలిపోతది. ఎదురుంగ ఇరానీ హోటల్ల చాయ్ నీళ్లు కాగే పెద్ద రాగి బాయిలర్ కనబడ్డది. డబ్బా మూత గట్టిగ పెట్టి, తీస్కపోయి దాని మీద పెట్టిచ్చినం. రెండు చాయ్‌లు చెప్పినం, ఒక్కోటి పదిహేను పైసలు. చాయ్ తెచ్చినాయన, బిర్యానీ వేడి చేస్తున్నరా ఉస్తాద్, వాసన వస్తలేదే అన్నడు. ఇంకా ఉడకలేదని సార్ చెప్పిన్రు. అరగంట కూసున్నం. బడి ఎందుకు ఇడిచినవని ఆయన అడుగలే. ఇంజన్ ఎట్ల స్టార్ట్ చేస్తరు, రెక్కల మీద బట్ట ఎట్ల బిగిస్తరు, గివి అడిగిన్రు. నేను చెప్తుంటే ఇనుకుంట గ్లాసుల చాయ్ చల్లార్చిన్రు. ఒక సారు నా ముందల కూసుండి నేను చెప్పేది ఇనుడు నాకు మొదటిసారి.

మళ్ల దుకాణంకొచ్చి, బట్టతోని పట్టుకొని కాగిన కాయిల్‌కు వైరు తగిలిచ్చిన్రు. రవ్వ గట్లనే దూకింది. పదిసార్లు చేసిన్రు, పదిసార్లు దూకింది.

నీ కాయిల్‌కు ఏ రోగం లేదన్నరు. నేను సంతోషపడాల్నా ఏడ్వాల్నా తెల్వలే. కాయిల్‌ది కాకుంటే ఇంకేంది? ఆయన కుర్చీల ఎనక్కి వాలి, ఊకెనే అడిగినట్టు అడిగిన్రు.

"దీన్ని బంద్ ఎట్ల చేస్తర్రా?"

"స్విచ్ ఏస్తం సార్. మాగ్నెటోకెల్లి వచ్చే వైరును స్విచ్ పోయి ఇనుముకు కలుపుతది. కరెంటు ప్లగ్గుకు పోకుంట ఇనుములకు పోతది. బంద్ అయితది."

"కలిపితే బందా? తెంపితే కాదా?"

"కాదు సార్. మోటారు కారుల తెంపితే బంద్. ఇండ్ల కలిపితే..."

నేను ఇన్ని దినాలు తెగిన వైరు కోసం దేవులాడిన. కారు పని నేర్చినోన్ని గద, వైరంటే తెగినదా లేదా, గంతే చూస్త. ఈ ఇంజన్‌ను ఆపాల్నంటే తెగుడు అక్కరలేదు. ఏడనో ఒక్కకాడ వైరు ఇనుముకు తాకితే చాలు, స్విచ్ ఏసినట్టే. మూర్తి గారు వైర్లు చూశావా అంటే, చూసిన అని ధీమాగ చెప్పింది నేనే.

సార్ నా మొఖం చూసి నవ్విన్రు. "నువ్వు గోడ దూకిన దినం బోర్డు మీద రాసింది గదే పాఠం. పో, రైలు అందుతది."

పైసలు ఇయ్యబోతే సీతాఫలాలు చూపిచ్చిన్రు.

మూడుంబావు రైలు పట్టుకొని బేగంపేటల దిగి, విమానం కాడికి ఉరికిన. ఇంజన్‌కు, మనుషులు కూసునే జాగకు నడుమ ఒక రేకు గోడ ఉంటది. మాగ్నెటో వైరు దాని బొక్కలకెల్లి దూరి స్విచ్ కాడికి పోతది. టార్చి కొట్టి చూసిన. బొక్క అంచుకు ఉండే రబ్బరు చుట్టు ఎండి రాలిపోయింది. వైరు రేకు అంచుకు ఆనుకొని, మీది తొడుగు వడ్లగింజంత ఒరుసుకపోయి లోపలి రాగి మెరుస్తుండె. చల్లగున్నప్పుడు వెంట్రుక వాసి ఎడముంటది. ఇంజన్ కాగితే తొడుగు మెత్తగై, వైరు వాలి రేకుకు తాకుతది. ఇంజన్ తనకు తానే బంద్.

వైరు గట్ల అంచుకు ఎందుకు ఆనుకున్నదో గూడ కనబడ్డది. వైర్లన్నిటికీ కలిపి ఎరుపు, పసుపు దారంతోని బిర్రుగ ముడి ఉంది. ఆ ముడి నాదే. దసరాకు ఆయుధ పూజ చేస్తం గద. సాబ్ విమానానికి కుంకుమ బొట్టు పెట్టి, గుమ్మడికాయ కొట్టిచ్చిన్రు. నేను రెండు దినాలు తుడిచి, లోపట వైర్లు చిందరవందరగ ఉన్నయని, దేవుని కాడి దారం తెచ్చి చూడసక్కగ కట్టిన. కట్టినంక దండం గూడ పెట్టిన.

చెప్పకుంట దారం కోసి పారేస్తే ఎవలికీ తెలిసేది కాదు. ఒక్క నిమిషం ఆ బుద్ధి గూడ పుట్టింది. కని సాబ్, మూర్తి గారు ఎదురుంగనే వస్తున్నరు. దారం చూపిచ్చి, సరిగ్గ చూడకుంటనే వైర్లు మంచిగున్నయని చెప్పిన సార్, కట్టింది గూడ నేనే అన్న. మూర్తి గారు వంగి చూసి, లేచి, నడుము మీద చేతులు పెట్టుకున్నరు.

"పూజ చేసి మరీ పాడు చేశావన్నమాట."

ఆయన గట్ల అన్నంక కొంచెంసేపటికి, తప్పు తనది గూడ ఉందని, పక్కోడు చూశానంటే నమ్మి సంతకం పెట్టే ఇంజనీరుకు లైసెన్సెందుకని తనను తానే తిట్టుకున్నరు. నేను ముడి ఇప్పి దారం బయటికి తీసిన. సాబ్ ఇద్దరి దిక్కు చూసిన్రు. ముడి ఏసినోడే ఇప్పిండు, ఇంక నేనెవల మీద కోపం చెయ్యాలె అని, నా చేతులకెల్లి దారం తీసుకొని జేబుల పెట్టుకున్నరు. కారు కాడికి పోయేటప్పుడు రుమాలు తీసి మొఖం తుడుచుకున్నరు. అంత ఉక్క ఏం లేకుండె.

శనివారం కొత్త వైరు, కొత్త రబ్బరు చుట్టు ఏసినం. కాయిల్ ఎక్కిచ్చి, మాగ్నెటో టైమింగ్ మూర్తి గారు మూడుసార్లు చూసిన్రు. నలభై నిమిషాలు ఇంజన్ కాగబెట్టి ఒక్కోదాని మీద నడిపినం. దగ్గలే. సాయంత్రం ఆయన సంతకం పెట్టిన్రు. నేను నాంపల్లి ఇంటికి పోయి మిగిలిన రెండు సీతాఫలాలు ఇచ్చి, అమ్మా, రేపు డాబా మీద పచ్చటి దుప్పటి పరిపియ్యి, పైకెల్లి ఇల్లు గుర్తుపట్టొచ్చు అని చెప్పిన.

ఆదివారం పొద్దుగాల ఏడింటికి ఆమె నేత చీర కొంగు నడుముకు దోపి, చెవుల్ల దూది పెట్టుకొని వచ్చింది. ఎక్కిచ్చేటప్పుడు నా భుజం గట్టిగ పట్టుకున్నది. మంచిగ కట్టినవా రా ఇవన్నీ అని అడిగింది. ఈసారి ఏం కట్టలేదమ్మా, ఇడిసిపెట్టిన అన్న. నేను ముందలి ఫ్యాను తిప్పిన. విమానం ఉరికి, లేచి, ఊరి దిక్కు తిరిగింది. మూర్తి గారు, నేను చప్పుడు ఇనుకుంట నిలబడ్డం. ఇరవై రెండు నిమిషాలు. చప్పుడు ఇనబడనంత దూరం పోయినప్పుడు ఆయన నా చెయ్యి పట్టుకున్నరు, నాకు తెల్సు, ఆయనకే తెల్వలే.

దిగినంక అమ్మ కిందికి రాకుంట సీట్లనే కూసున్నది. భయమైందేమోనని దగ్గరికి పోయిన. ఇల్లు కనబడ్డదా అమ్మా అని అడిగిన.

"ఏ ఇల్లని చెప్పాల్నురా? నువ్వు దుప్పటి ముచ్చట మా ఇంట్ల చెప్పినవ్, పనామె గల్లీల చెప్పింది. గల్లీ గల్లంత డాబాల మీద పచ్చటి దుప్పట్లే. మీ సాబ్ మూడు చుట్లు తిరిగిన్రు, ఏది మనదో ఆయనకే తెల్వలే."

నవ్వింది. నవ్వుకుంటనే కండ్లు తుడుచుకొని, నిమ్మళంగ చెప్పింది.

"ఇంట్ల ఉంటే నీ మొఖం చూస్తే నీ చేతులు కనబడవు బిడ్డా. తలుపు చూస్తే గడప కనబడదు. గాడికెల్లి చూస్తే మా గల్లీ, స్టేషను, మార్కెట్ గుమ్మటం, అన్నీ నా రూపాయి బిళ్లల పట్టినయి. ఒక్కటి గూడ బయట మిగల్లే."

సాబ్ ముందలి సీట్ల టోపీ తీయకుంట, ఎనక్కి తిరగకుంట కూసున్నరు. ఆమె చెయ్యి చాపి ఆయన భుజం మీద పెట్టింది. నేను చక్రాలకు దిమ్మలు పెట్టే పని చూసుకున్న.

ఇది రాసేటాల్లకు విమానం ఇంజన్ ఇప్పి టేబుల్ మీద పరిచి ఉంది. అమ్మ రూపాయి బిళ్ల ఇప్పుడు అర్ధరూపాయి అయింది. సాయంత్రాలు సాబ్, ఆమె డాబా మీద కూసుంటరు. ఏ దిక్కు ఏముందో సాబ్ చెప్పబోతే ఆమె ఆపి, తానే చెప్తది, గీడ స్టేషను, గాడ గుమ్మటం అని. సాబ్ తప్పు చెప్తే దిద్దుతది. నేను నెలకోసారి అబిడ్స్‌ల మెట్ల కింది దుకాణంకు పోతున్న, ఆ దినం ఇనకుంట పోయిన పాఠాలు ఒక్కోటి అడుగుతున్న. బొంబాయి పోదామనుకున్న ముచ్చట ఇప్పుడు యాదికి వస్తలేదు. మీరు గూడ పాత యంత్రం పార్టు పట్టుకొని ఈ దిక్కు వస్తే నేను చెప్పేది ఒక్కటే: పార్టు ఒక్కటే తేకున్రి, దాన్ని బంద్ చేసే స్విచ్చు, దాని వైరు గూడ ఇప్పుకొని ఎంబడి తెచ్చుకోన్రి.